చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఏ పార్ట్ మార్చాలి? ముందు టెస్ట్ చెయ్యండి, తర్వాతే పానా పట్టుకోండి

లైట్ వెలిగింది, స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కొలిచేది) కోడ్ వచ్చింది, సెన్సర్ మార్చేశాం, కొన్నాళ్ళకే మళ్ళీ అదే లైట్, ఇప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్‌లోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) కూడా మార్చాలా? ఈ ప్రశ్న ఎంతమంది ఎన్నిరకాలుగా అడిగారో లెక్కలేదు, అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నా.

మొదట ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. కోడ్ అనేది ఏ రీడింగ్ తేడాగా ఉందో చెబుతుంది, ఏ పార్ట్ పోయిందో చెప్పదు. సెన్సర్ ఇంజిన్ లీన్‌గా (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువగా) నడుస్తోందని చెబితే అది నిజమే చెబుతూ ఉండొచ్చు, తప్పు ఎక్కడో చిరిగిన వ్యాక్యూమ్ పైపుది అయ్యుండొచ్చు. నిజం చెప్పిన సెన్సర్‌ని పీకేసి కొత్తది పెడితే అదీ అదే చెబుతుంది.

ఇదంతా ఓబీడీ2 (కారు తన తప్పుల్ని తనే కనిపెట్టి కోడ్ రూపంలో చెప్పే సిస్టమ్) ఉన్న పెట్రోల్ కార్ల గురించి. డీజిల్‌లో డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టర్), యూరియా సిస్టమ్ లెక్కే వేరు, వాటి జోలికి ఇక్కడ పోవట్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- లైవ్ డేటా చూపించే ఓబీడీ స్కానర్ (కోడ్ మాత్రమే చదివేది అయితే ఈ పనికి సగమే ఉపయోగం)
- డిజిటల్ మల్టీమీటర్
- ఆక్సిజన్ సెన్సర్ సాకెట్, అంటే వైరు పట్టడానికి పక్కన చీలిక ఉండేది, ఎక్కువ కార్లకి 22 ఎంఎం సరిపోతుంది
- టార్క్ రెంచ్, తుప్పు వదిలించే స్ప్రే
- చేత్తో కొట్టే వ్యాక్యూమ్ పంపు, వ్యాక్యూమ్ గేజ్
- కొత్త గ్యాస్కెట్లు (పాతవి మళ్ళీ వాడదామనే ఆలోచన వద్దు)
- మీ కారు సర్వీస్ మాన్యువల్. నేనిచ్చే నంబర్లు చాలా కార్లకి వర్తించేవి, మాన్యువల్‌లో వేరేగా ఉంటే మాన్యువల్ మాటే ఫైనల్

జాగ్రత్తలు

ఇంజిన్ ఆన్‌లో పెట్టి చేసే టెస్టులన్నీ ఆరుబయటే చెయ్యండి, షట్టర్ సగం తీశాం కదా అనుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల తిరిగేటప్పటికే ఆలస్యం అయిపోతుంది. కారు కిందకి దూరాలంటే జాకీ మీద నమ్మకం పెట్టుకోకుండా స్టాండ్లు వెయ్యండి. ఎగ్జాస్ట్ పైపు, కన్వర్టర్ ఇంజిన్ ఆపాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటాయి. ట్యాంకు వైపు, పర్జ్ పైపుల (పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌కి తీసుకెళ్ళేవి) వైపు పని చేసేటప్పుడు దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఏదీ ఉండకూడదు.

ఇంకో మాట, లైట్ నిలకడగా కాకుండా మెరుస్తూ ఉంటే బండి నడపకండి. అది మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండట్లేదు. కాలని పెట్రోలు నేరుగా కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, లోపలున్న సెరామిక్ కరిగిపోతుంది. చిన్న ఇగ్నిషన్ కాయిల్‌తో పోయేది కన్వర్టర్ దాకా వస్తుంది.

1. కోడ్ రాసుకోండి, అప్పుడే చెరిపెయ్యకండి

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ స్పీడు, కూలెంట్ వేడి, లోడు ఎంత ఉన్నాయో అందులో దాచిపెడుతుంది. ఫోటో తీసుకోండి. కోడ్ చెరిపితే ఇదీ పోతుంది, బ్యాటరీ టెర్మినల్ పీకినా చాలా కార్లలో పోతుంది, తర్వాత తప్పు ఎప్పుడు వచ్చిందో తెలీక చీకట్లో వెతకాలి.

ఒకటికంటే ఎక్కువ కోడ్లు ఉంటే వరస ముఖ్యం. పి0300 లాంటి మిస్‌ఫైర్ కోడ్, పి0171 లాంటి లీన్ కోడ్, పి0420 అనే కన్వర్టర్ కోడ్ మూడూ కలిసి ఉన్నాయనుకోండి, కన్వర్టర్‌ని చివరికి వదిలెయ్యండి. ముందు మిస్‌ఫైర్, తర్వాత లీన్, అవి సరైతే పి0420 ఒక్కోసారి దానంతటదే పోతుంది కూడా.

2. కళ్ళతో చూడండి, చెవులతో వినండి

చల్లగా ఉన్నప్పుడు బానెట్ తెరిచి రబ్బరు పైపులన్నీ వేళ్ళతో వంచి చూడండి. పగుళ్ళు పైకి కనిపించవు, వంచినప్పుడే నోరు తెరుస్తాయి. మూలల్లో, క్లిప్పు కింద ఎక్కువ పగులుతాయి. సెన్సర్ వైర్లు ఎగ్జాస్ట్‌కి తగిలి కరిగాయా, కనెక్టర్లో పచ్చగా తుప్పు పట్టిందా చూడండి.

తర్వాత స్టార్ట్ చేసి, ఇంకా వేడెక్కకముందే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర వినండి. టిక్ టిక్ మని శబ్దం వస్తే, గ్యాస్కెట్ చుట్టూ నల్లగా మసి కనబడితే లీకు ఉన్నట్టే. లీకు దగ్గర గ్యాస్ బయటికి పోవడమే కాదు, రెండు పల్సుల మధ్య బయటి గాలి లోపలికీ లాగుతుంది, ఆ గాలిలో ఆక్సిజన్ చూసి సెన్సర్ లీన్ అంటుంది, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) అది నమ్మి పెట్రోలు పెంచుతుంది. బోలెడన్ని మంచి సెన్సర్లు ఈ లీకు వల్లే చెత్తబుట్టలోకి పోతున్నాయి.

3. ఫ్యూయెల్ ట్రిమ్ చూడండి

ఈసీయూ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేదే ఫ్యూయెల్ ట్రిమ్. స్కానర్ లైవ్ డేటాలో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండు ఉంటాయి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక రెండూ కలిపితే ప్లస్ మైనస్ 10 శాతం లోపల ఉండాలి. ప్లస్‌లో ఎక్కువ ఉంటే ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తోంది, అంటే దానికి లీన్ కనిపిస్తోంది.

ఐడిల్‌లో ప్లస్ బాగా ఎక్కువ ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర పట్టుకుంటే మామూలైపోతే అది దాదాపు వ్యాక్యూమ్ లీకే. అదే ఐడిల్‌లో బానే ఉండి రేస్ చేసేకొద్దీ, లోడు పడేకొద్దీ పెరిగిపోతుంటే గాలి కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ మురికి పట్టిందా, పెట్రోలు ప్రెషర్ తక్కువ ఉందా చూడాలి. ఈ రెండు నిమిషాల పని చెయ్యకుండా పార్ట్ ఆర్డర్ పెట్టేవాళ్ళే ఎక్కువ, దయచేసి మీరు ఆ పని చెయ్యకండి.

4. ఆక్సిజన్ సెన్సర్ టెస్ట్

కన్వర్టర్‌కి ముందు ఉండేది సెన్సర్ 1, తర్వాత ఉండేది సెన్సర్ 2. బ్యాంక్ 1 అంటే ఒకటో నంబర్ సిలిండర్ ఉన్న వైపు, వరసగా నాలుగు సిలిండర్లున్న ఇంజిన్‌కి మామూలుగా ఒకటే బ్యాంక్. ఇది సరిగ్గా చూసుకోకుండా ముందుది పోతే వెనకది మార్చేస్తుంటారు, కాబట్టి కోడ్ ఏ సెన్సర్‌ని చెబుతోందో రెండుసార్లు చదవండి.

ముందు సెన్సర్ పాత రకం జిర్కోనియా అయితే, ఇంజిన్ వేడెక్కాక వోల్టేజ్ 0.1 నుంచి 0.9 దాకా ఆగకుండా పైకీ కిందకీ ఆడుతూ ఉండాలి. తక్కువ వోల్టేజ్ లీన్, ఎక్కువ వోల్టేజ్ రిచ్ (పెట్రోలు ఎక్కువ). 2500 దగ్గర పట్టుకుని చూస్తే బాగా తెలుస్తుంది. ఇప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా కొట్టి వదిలెయ్యండి: కొట్టినప్పుడు 0.8 దాటి పోవాలి, వదిలినప్పుడు పెట్రోలు కట్ అవుతుంది కాబట్టి 0.2 కిందకి పడాలి. రెండు వైపులా చకచకా కదిలితే సెన్సర్ బతికే ఉంది, కోడ్‌కి కారణం వేరే చోట వెతకండి. బద్ధకంగా కదిలినా, 0.45 దగ్గరే నిలబడిపోయినా అనుమానించాలి.

వైడ్‌బ్యాండ్ (కొత్త రకం) సెన్సర్ అయితే ఈ ఊగిసలాట కనబడదు, కనబడలేదని మార్చెయ్యకండి! స్కానర్‌లో లాంబ్డా (గాలి, పెట్రోలు సరైన పాళ్ళకి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె) విలువ చూడండి, నిలకడగా ఉన్నప్పుడు 1.00 చుట్టూ తిరగాలి.

పి0135 లాంటి హీటర్ కోడ్ అయితే పని ఇంకా సులువు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కనెక్టర్ ఊడదీసి హీటర్ పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి, నాలుగు వైర్ల సెన్సర్లలో ఒకే రంగులో ఉన్న రెండు వైర్లు చాలావరకు హీటర్‌వే. కొన్ని ఓమ్స్ నుంచి 20 దాకా ఏదో ఒకటి చూపించాలి. ఏమీ చూపించకపోతే హీటర్ తెగిపోయింది, సెన్సర్ మార్చాల్సిందే. బానే చూపిస్తే కారు వైపు కనెక్టర్‌లో 12 వోల్టులు వస్తున్నాయా చూడండి, రాకపోతే ముందు ఫ్యూజు.

5. ఆక్సిజన్ సెన్సర్ మార్చడం

ఇక్కడ కష్టమంతా పాతది ఊడదీయడంలోనే. ముందు రోజు రాత్రే మరల దగ్గర స్ప్రే కొట్టి వదిలెయ్యండి. ఊడదీసేటప్పుడు ఎగ్జాస్ట్ కొంచెం గోరువెచ్చగా ఉంటే మేలు, చెయ్యి పెట్టలేనంత వేడి వద్దు. సాకెట్ పెట్టి వదులు చేసి, పట్టేసినట్టు అనిపిస్తే మళ్ళీ కాస్త బిగించి, స్ప్రే కొట్టి, మళ్ళీ వదులు చెయ్యండి, ఇలా ముందుకీ వెనక్కీ తిప్పుతూ రావాలి తప్ప ఒకటే బలంతో లాగితే పైపు వైపున్న మరలు సెన్సర్‌తో పాటే బయటికొచ్చేస్తాయి. మరలు దెబ్బతింటే 18 ఎంఎం, 1.5 పిచ్ ట్యాప్‌తో శుభ్రం చెయ్యొచ్చు, చాలా సెన్సర్ల సైజు అదే.

కొత్తదాని మరల మీద యాంటీ సీజ్ పేస్టు కంపెనీ వాళ్ళే పూసి ఉంటారు చాలావరకు, మళ్ళీ పుయ్యక్కర్లేదు. పూయాల్సి వస్తే మరల మీద మాత్రమే, మొన మీద ఒక్క చుక్క పడినా సెన్సర్ పాడైనట్టే. మొన ముట్టుకోకండి, కింద పడితే ఆ సెన్సర్ వాడకండి, లోపల సెరామిక్ పగులుతుంది, పైకి కనిపించదు. ముందు చేత్తో తిప్పి మరలు సరిగ్గా ఎక్కాక టార్క్ రెంచ్‌తో బిగించండి, చాలా కార్లకి 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు. దగ్గర్లో ఎక్కడైనా సీలెంట్ వాడాల్సి వస్తే సెన్సర్‌కి హాని చెయ్యదని డబ్బా మీద రాసి ఉన్నదే వాడండి, మామూలు సిలికాన్ ఆవిరి కొత్త సెన్సర్‌ని చంపేస్తుంది.

వైర్లు కోసి కలుపుకునే రకం సెన్సర్ చవగ్గా దొరుకుతుంది. నా సలహా అయితే మీ కారు కనెక్టర్‌తో వచ్చేదే తీసుకోండి. తప్పక ఆ రకమే వాడాల్సి వస్తే సోల్డర్ చెయ్యకండి, క్రింప్ చెయ్యండి, చాలా సెన్సర్లు పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని ఆ వైరు లోపలి నుంచే తీసుకుంటాయి, సోల్డర్ ఆ దారి మూసేస్తుంది. కనెక్టర్‌లో గ్రీజు, క్లీనర్ పెట్టొద్దనేది కూడా ఇందుకే.

6. పీసీవీ వాల్వ్

క్రాంక్‌కేస్‌లో చేరే ఆవిర్లని ఇంటేక్‌లోకి పంపేది ఇదే. చిన్నది, చవకైనది, అందరూ మర్చిపోయేది. ఊడదీసి ఊపితే లోపల గలగలమనాలి. ఐడిల్‌లో వాల్వ్ నోటికి వేలు అడ్డం పెడితే లాగినట్టు తెలియాలి. తెరుచుకుని ఉండిపోతే ఐడిల్ వణుకుతుంది, ఆయిల్ తగ్గుతుంది, లీన్ కోడ్ వస్తుంది. మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ పెరిగి ఆయిల్ సీళ్ళ దగ్గర కారడం మొదలవుతుంది. ఊపితే శబ్దం వస్తోంది కదా అని పూర్తిగా నమ్మకండి, స్ప్రింగు బలం పోయినా గలగలమంటుంది, అనుమానం ఉంటే మార్చెయ్యడమే మంచిది. కొన్ని కార్లలో ఇది వాల్వ్ కవర్‌లోనే కలిసి ఉంటుంది, దాని డయాఫ్రం చిరిగితే ఐడిల్‌లో ఈల వేసినట్టు వినిపిస్తుంది.

7. ట్యాంకు మూత, పర్జ్ వాల్వ్

ట్యాంకులోని పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా పట్టే సిస్టమ్‌లో పి0455 అంటే పెద్ద లీకు, పి0442 అంటే చిన్న లీకు. ముందు ట్యాంకు మూత చూడండి, రబ్బరు రింగు పగిలిందా, క్లిక్ మనేదాకా తిప్పుతున్నారా. అది బావుంటే పర్జ్ వాల్వ్ బయటికి తీసి, కరెంట్ ఇవ్వకుండా ఒక పైపులోంచి శుభ్రమైన ట్యూబుతో ఊదండి, గాలి దాటకూడదు. 12 వోల్టులు ఇస్తే టక్కున తెరుచుకుని గాలి పోవాలి. కరెంట్ లేకుండానే గాలి పోతుంటే వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది. పెట్రోలు కొట్టించిన వెంటనే కారు స్టార్ట్ అవ్వడానికి మొండికేస్తుంటే మొదటి అనుమానం దీని మీదే.

మార్చడం రెండు పైపులు, ఒక కనెక్టర్, అంతే. కానీ పంపు ఆగాక కూడా ఇంకో లీటరు కుక్కించే అలవాటు ఉంటే మానుకోండి, పెట్రోలు నేరుగా ఆవిరి పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. లీకు వెతకడానికి ట్యాంకులోకి కంప్రెసర్ గాలి పెట్టకండి, చాలా ప్రమాదం, స్మోక్ మెషీన్ ఉన్నవాళ్ళ చేత చేయించండి.

8. ఈజీఆర్ వాల్వ్

కొంత ఎగ్జాస్ట్ గ్యాస్‌ని మళ్ళీ ఇంటేక్‌లోకి పంపే వాల్వ్ ఇది. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో వాల్వ్ తప్పు కంటే దారుల తప్పే ఎక్కువ. పి0401 అంటే ఫ్లో సరిపోవట్లేదు అని. వాల్వ్ బావుండి కూడా మానిఫోల్డ్‌లో సన్నటి దారి మసితో పూడుకుపోతే ఇదే కోడ్ వస్తుంది, అప్పుడు ఎన్ని కొత్త వాల్వులు మార్చినా లాభం లేదు.

వ్యాక్యూమ్‌తో పనిచేసే రకం అయితే ఇంజిన్ వేడిగా ఐడిల్‌లో ఉన్నప్పుడు వాల్వ్ పైపు ఊడదీసి చేతి పంపు తగిలించి వ్యాక్యూమ్ ఇవ్వండి. మూడు రకాలుగా జరుగుతుంది. ఇంజిన్ తడబడి ఆగిపోబోతే వాల్వూ దారీ రెండూ బావున్నాయి, తప్పు కంట్రోల్ వైపు ఉంది, సోలెనాయిడ్, పైపులు చూడండి. గేజ్‌లో వ్యాక్యూమ్ నిలబడకుండా పడిపోతే డయాఫ్రం చిరిగింది, వాల్వ్ మార్చాలి. వ్యాక్యూమ్ నిలబడి, కాడ కదిలి కూడా ఇంజిన్‌కి ఏ తేడా రాకపోతే దారి పూడిపోయింది, క్లీన్ చెయ్యాలి. (వెనక ప్రెషర్ ఉంటేనే కదిలే రకం వాల్వులు కొన్ని ఉన్నాయి, వాటికి ఐడిల్‌లో ఈ టెస్ట్ పనిచెయ్యదు, మాన్యువల్ చూడండి.)

ఎలక్ట్రిక్ రకం అయితే స్కానర్‌తో తెరిచి చూడాలి. తెరవమన్నంత పొజిషన్ రీడింగ్‌లో రావాలి, ఇంజిన్ తడబడాలి, మూసినప్పుడు ఐడిల్ వెంటనే కుదురుకోవాలి.

క్లీన్ చేసేటప్పుడు వాల్వ్ ఊడదీశాక గట్టి మసిని ప్లాస్టిక్ లేదా చెక్క పుల్లతో గీకి, తర్వాత క్లీనర్ స్ప్రే కొట్టి బ్రష్‌తో రుద్దండి. మొత్తం వాల్వ్‌ని క్లీనర్‌లో ముంచకండి, డయాఫ్రం, మోటారు రెండూ పోతాయి. గీకిన మసి పెళ్ళలు ఇంటేక్‌లోకి పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి, తీసేటప్పుడు ఆ గుడ్డ మర్చిపోకండి. వాల్వ్ మూసుకునే చోట చిన్న మసి పలుకు మిగిలినా ఐడిల్ వణుకుతుంది. కొత్త గ్యాస్కెట్‌తో బిగించాక కొన్ని కార్లకి స్కానర్‌లో రీలెర్న్ (కొత్త వాల్వ్ పొజిషన్ ఈసీయూకి నేర్పడం) చెయ్యాలి, అది వదిలేసి కొత్త వాల్వ్ పనిచెయ్యట్లేదని తిరిగిచ్చేసేవాళ్ళు చాలామంది.

9. క్యాటలిటిక్ కన్వర్టర్

ఖరీదైన పార్ట్ ఇదే, అందుకే చివర్లో. 2500 దగ్గర రెండు మూడు నిమిషాలు పట్టుకుని వేడెక్కించి సెన్సర్ 2 చూడండి. కన్వర్టర్ బావుంటే అది 0.6, 0.7 చుట్టూ దాదాపు నిలకడగా ఉంటుంది. ముందు సెన్సర్ ఆడినట్టే వెనకదీ ఆడుతుంటే కన్వర్టర్ పని అయిపోయింది, కానీ ఎగ్జాస్ట్ లీకు లేదని, ట్రిమ్ బావుందని తేలాకే ఆ మాట అనాలి.

పూడిపోయిందనే అనుమానం ఉంటే, అంటే పిక్కప్ లేదు, ఎత్తు ఎక్కట్లేదు అంటే, వ్యాక్యూమ్ గేజ్ మానిఫోల్డ్‌కి తగిలించండి. ఐడిల్‌లో పాదరసం లెక్కన 17 నుంచి 21 అంగుళాలు మామూలు, ఎత్తైన ప్రదేశంలో తగ్గుతుంది. 2500 దగ్గర పట్టుకుంటే కాసేపటికి నిలబడాలి, మెల్లగా దిగిపోతూ ఉంటే గ్యాస్ బయటికి పోలేకపోతోంది. ఇంకా గట్టిగా తెలియాలంటే ముందు సెన్సర్ తీసేసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టండి, ఐడిల్‌లో ఒకటిన్నర పీఎస్‌ఐ లోపు, 2500 దగ్గర 3 పీఎస్‌ఐ లోపు ఉండాలి. చల్లారాక రబ్బరు సుత్తితో మెల్లగా తడితే లోపల రాళ్ళు ఉన్నట్టు మోగితే సెరామిక్ విరిగింది.

మార్చేటప్పుడు మీ కారు ఏ ఎమిషన్ స్టాండర్డ్‌కి తయారైందో ఆ స్టాండర్డ్‌దే కొనండి, తక్కువ రకంది పెడితే కొద్ది నెలల్లో మళ్ళీ పి0420. బాణం గుర్తు గ్యాస్ పోయే దిశలో ఉండాలి. బోల్టులన్నీ ముందు వదులుగా ఎక్కించి, హ్యాంగర్లు తగిలించి, పైపు తిన్నగా కూర్చున్నాకే బిగించండి. మొదటిసారి వేడెక్కినప్పుడు కాస్త పొగ, వాసన రావొచ్చు, అది తగ్గిపోతుంది. పాతది చెడగొట్టిన కారణం, మిస్‌ఫైర్ కానీ ఆయిల్ కాలడం కానీ, సరిచెయ్యకుండా కొత్తది బిగించొద్దు. లోపలున్నది పొడిచేసి ఖాళీ డబ్బా పెట్టే పని అస్సలు చెయ్యకండి, చాలా దేశాల్లో నేరం, ఆ విషం పీల్చేది మన పిల్లలే.

10. అయిపోయాక చెక్ చెయ్యడం

ఇప్పుడు కోడ్ చెరపండి. చెరిపితే రెడీనెస్ మానిటర్లన్నీ సున్నాకి వస్తాయి, కారు మళ్ళీ అన్నీ సొంతంగా టెస్ట్ చేసుకుంటేనే రెడీ అని చూపిస్తుంది. లైట్ పోయింది కదా అని అదే రోజు పొల్యూషన్ టెస్ట్‌కి వెళ్తే, ఓబీడీ చూసే చోట మానిటర్లు రెడీగా లేవని వెనక్కి పంపేస్తారు.

రాత్రంతా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఐడిల్, తర్వాత కొంతసేపు ట్రాఫిక్‌లో, కొంతసేపు ఒకే స్పీడులో ఖాళీ రోడ్డు మీద, మధ్యలో బ్రేకు కొట్టకుండా కాలు తీసి స్పీడు తగ్గనివ్వడం, ఇలా కొన్ని రోజులు నడపండి. ట్యాంకు లీకు మానిటర్ చాలా కార్లలో ట్యాంకు మరీ నిండుగా ఉన్నా మరీ ఖాళీగా ఉన్నా నడవదు, సగం చుట్టుపక్కల ఉంచండి.

మానిటర్లు రెడీ అయ్యాక పెండింగ్ కోడ్లు కూడా చదవండి, లైట్ వెలగకముందే తప్పు అక్కడ కనబడుతుంది. ట్రిమ్ మళ్ళీ చూసి, మొదట రాసుకున్న అంకెలతో పోల్చండి. కొత్త కార్లలో పర్మనెంట్ కోడ్ అని ఒకటి ఉంటుంది, అది స్కానర్‌తో పోదు, బ్యాటరీ పీకినా పోదు, ఆ మానిటర్ పాస్ అయ్యాక కారే చెరుపుకుంటుంది, కాబట్టి అది ఇంకా కనిపిస్తోందని కంగారుపడి ఇంకో పార్ట్ కొనకండి. అదే కోడ్ మళ్ళీ కొత్తగా పడితే మాత్రం కొత్త ఫ్రీజ్ ఫ్రేమ్ పాతదాని పక్కన పెట్టి చూడండి, రెండూ ఒకే వేడి దగ్గర, ఒకే లోడు దగ్గర పడ్డాయంటే అసలు తప్పు ఇంకా అక్కడే ఉంది, మూడో స్టెప్ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.